సొరచేపల ట్యాంకులో స్కూబా డైవ్: దిగే ముందు, దిగాక, పైకొచ్చాక

"కరవవా?" అక్వేరియంలో పెద్ద సొరచేపల మధ్య డైవ్ చేశానని చెప్తే చాలు, ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఆ తర్వాత వరసగా మిగతావి: డైవింగ్ నేర్చుకోకపోతే దింపుతారా, కళ్లజోడు ఉంటే ఎలా, నెలసరి సమయంలో వెళ్లొచ్చా, కెమెరా తీసుకెళ్లనిస్తారా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయి, అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ఇది. మీ చేతులు మీ దగ్గరే పెట్టుకుంటే, దాదాపుగా కరవవు. ఆ ట్యాంకుల్లో చేపలకు వేళ తప్పకుండా తిండి పెడతారు. అద్దాలు తుడవడానికి, అడుగు శుభ్రం చేయడానికి డైవర్లు తరచూ దిగుతూనే ఉంటారు. కాబట్టి వాటి లెక్కలో మీరు బుడగలు వదిలే ఇంకో వస్తువు, అంతే. సందర్శకుల డైవ్ సగంలో ఆగిపోతే కారణం సాధారణంగా సొరచేప కాదు. చెవి నొప్పి, మాస్క్‌లో నీళ్లు చేరి కంగారు, ఊపిరి అదుపు తప్పడం. అందుకే ఇందులో సొరచేపల కన్నా మీ చెవులూ ముక్కూ ఊపిరీ గురించే ఎక్కువ ఉంటుంది.

ముందు ఏ రకం డైవో తేల్చుకోండి

ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవాళ్లకు, అంటే పాడీ, ఎస్ఎస్ఐ, నౌయీ లాంటి డైవింగ్ సంస్థల్లో మొదటి స్థాయి కోర్సు పూర్తి చేసినవాళ్లకు, దారి సులువు. అమెరికాలో అట్లాంటాలోని జార్జియా అక్వేరియంలో తిమింగల సొరచేపలున్న పెద్ద ట్యాంకు దాదాపు 2.4 కోట్ల లీటర్లది. లోతు మాత్రం 6 నుంచి 9 మీటర్లే. ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్ల దాకా దిగొచ్చు కాబట్టి అక్వేరియం లోతు మీకు కొత్తేమీ కాదు. కాకపోతే కార్డు తీసుకుని మూడేళ్లయి, మళ్లీ నీళ్లలోకి దిగనివాళ్లు ఒక రిఫ్రెషర్ చేసి వెళ్లడం మంచిది.

కార్డు లేనివాళ్లను కూడా కొన్ని చోట్ల దింపుతారు. ముందు కాసేపు పాఠం, తక్కువ లోతులో సాధన, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి లోపలికి తీసుకెళ్తారు. ఇలా వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. ముందు ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో ఒకసారి స్కూబా ప్రయత్నించండి. జీవితంలో మొదటిసారి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) నోట్లో పెట్టుకోవడం, మొదటిసారి సొరచేపను ఎదురుగా చూడటం, రెండూ ఒకేరోజు పెట్టుకోవద్దు.

నీళ్లంటేనే భయమా? హెల్మెట్ వాక్ ఉందేమో అడగండి. పెద్ద హెల్మెట్ తల మీద పెట్టి, పైపు ద్వారా గాలి పంపిస్తారు. ముఖం తడవదు, చాలా హెల్మెట్లలో కళ్లజోడు కూడా ఉంచుకోవచ్చు. కొన్ని చోట్ల ఇనుప బోను ఉంటుంది, కొన్ని చోట్ల నీటి పైన తేలుతూ స్నార్కెల్‌తో, అంటే నోట్లో పెట్టుకునే గాలి గొట్టంతో చూడటం ఉంటుంది. ఇవేవీ తక్కువ రకం అనుకోవద్దు. భయపడుతూ చేసే స్కూబా కన్నా హాయిగా చేసే స్నార్కెలింగే నయం.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి

నీళ్ల లోతెంత, ఉష్ణోగ్రతెంత? ఒక్కో గైడ్‌కు ఎంతమంది? అడుగున కూర్చోబెడతారా, ఈదనిస్తారా? ఏయే సొరచేపలున్నాయి? కెమెరా విషయం ఏమిటి? ఈ అయిదూ చాలు. కూర్చోబెడతారా, ఈదనిస్తారా అన్నది మాత్రం తప్పనిసరిగా అడగండి. చాలామంది ట్యాంకంతా తిరిగొస్తామనుకుని వెళ్లి, మోకాళ్ల మీద అరగంట కూర్చుని, మొహం మాడ్చుకుని బయటికొస్తారు. నిజానికి కూర్చునే డైవ్‌లోనే సొరచేపలు బాగా దగ్గరికొస్తాయి.

కావాల్సినవి

- వైద్య ఫారం, ముందే చదివి నింపినది
- ఒంటికి పట్టినట్టుండే ఈత దుస్తులు, వేలాడే తాళ్లూ కుచ్చులూ లేనివి
- పొడవాటి జుట్టుకు రబ్బరు బ్యాండు
- డైవ్ కార్డు, లాగ్‌బుక్ ఉంటే అవి
- టవలు, బయటికొచ్చాక వేసుకోవడానికి వెచ్చని బట్టలు
- చూపు తక్కువైతే పవర్ ఉన్న మాస్క్. లేకపోతే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు, ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెప్పాలి

మిగతా సామానంతా, అంటే సిలిండర్, రెగ్యులేటర్, బీసీడీ (గాలి నింపితే తేలే, వదిలితే మునిగే జాకెట్), వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు), బరువులు సాధారణంగా వాళ్లే ఇస్తారు. సొంత సామాను తెస్తే కొన్ని చోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా ముందు మందు నీళ్లలో ముంచి కడుగుతారు. బయటి నీళ్లలో వాడిన ఫిన్స్‌తో (కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు) ట్యాంకులోకి రోగాలు రాకుండా ఆ జాగ్రత్త. దీనికి చిన్నబుచ్చుకోవద్దు.

తీసుకురాకూడనివి: గొలుసులు, ఉంగరాలు, వాచీ, సన్‌స్క్రీన్, ఒంటి క్రీములు, తలనూనె, సెంటు. మెరిసే నగ నీళ్లలో చిన్న చేప పొలుసులా తళుక్కుమంటుంది. సొరచేప సంగతి అటుంచి, మిగతా చేపలు పొడిచి చూస్తాయి. ఒంటికి రాసుకున్నవన్నీ ట్యాంకు నీళ్లలోనే కలుస్తాయి కాబట్టి ముందు స్నానం చేయిస్తారు.

1. వారం ముందు నుంచే చెవులు గమనించుకోండి

ముక్కు మూసుకుని, నోరు మూసుకుని, మెల్లిగా ముక్కులోంచి గాలి వదులుతున్నట్టు ఒత్తండి. రెండు చెవుల్లోనూ చిన్నగా టప్ మనాలి. ఒక చెవిలో వచ్చి ఇంకో చెవిలో రాకపోతే మింగుతూ, దవడ కదుపుతూ మళ్లీ చేయండి. రోజూ రెండు మూడుసార్లు ఇలా చేస్తుంటే ఏ చెవి మొండికేస్తుందో మీకే తెలుస్తుంది. గట్టిగా ఊదొద్దు. లోపలి చెవికి దెబ్బ తగిలేది అలాంటి మొరటు ఊపుతోనే.

జలుబు చేస్తే? తేదీ మార్చుకోండి. దీనికి వేరే మార్గం లేదు. ముక్కు దిబ్బడ మాత్ర వేసుకుని దిగుతామంటారు కొందరు. కిందికి దిగేటప్పుడు మాత్ర పనిచేసి, అడుగున ఉండగా దాని ప్రభావం తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలోనో సైనస్‌లోనో గాలి ఇరుక్కుపోతుంది. కిందికి దిగలేకపోతే మానేయొచ్చు. పైకి రాకుండా ఉండలేం కదా.

2. వైద్య ఫారంలో అబద్ధం రాయొద్దు

ఎక్కువ చోట్ల వాడే ఫారం మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. కొన్నిటికి "అవును" అంటే నేరుగా డాక్టర్ సంతకం కావాలి, మిగతా వాటికి రెండో పేజీలో వివరంగా అడుగుతారు. ఉబ్బసం, గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, ఫిట్స్, చెవి ఆపరేషన్ ఇవన్నీ అందులో వస్తాయి. గర్భిణులు దిగకూడదు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, డైవ్ రోజు కౌంటర్ దగ్గర ఫారం చేతికి ఇచ్చాక "అవును" అని రాయాల్సి రావడం. అప్పటికప్పుడు డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు? ఫారం ముందే తెప్పించుకుని, అవసరమైతే సంతకం చేయించుకుని వెళ్లండి.

నెలసరి గురించి: దిగొచ్చు. దానివల్ల సొరచేపలు మీదికొస్తాయనడానికి ఆధారం లేదు. మీ ఒంట్లో బాగుంటే చాలు.

3. ముక్కుతో పీల్చే అలవాటును ఇంట్లోనే వదిలించుకోండి

ఇది ఎవరూ చెప్పరు, కానీ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఒక బకెట్ నిండా నీళ్లు పోసి, నోట్లో స్నార్కెల్ పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం ముంచండి. ముక్కు నీళ్లలో ఉండగా నోటితో గాలి పీల్చి వదలాలి. మొదటిసారి మూడు సెకన్లలో తల ఎత్తేస్తారు, నేనూ ఎత్తాను. పది నిమిషాలు సాధన చేస్తే ముక్కు తనను తాను మూసుకోవడం నేర్చుకుంటుంది. ఆగకుండా రెండు నిమిషాలు ఉండగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టే. ఇది వచ్చినవాళ్లకు ట్యాంకులో మాస్క్ నిండా నీళ్లొచ్చినా గాభరా ఉండదు. పక్కన ఒకర్ని ఉంచుకుని చేయండి.

4. బ్రీఫింగ్‌లో సైగలు చేసి చూపించండి, వినడం చాలదు

నీళ్లలో మాట ఉండదు, చేతులే మాట. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగున్నాను". అరచేయి చాచి అటూ ఇటూ ఊపితే "ఏదో తేడాగా ఉంది", వెంటనే చెవి చూపిస్తే చెవి సమస్య. గొంతు దగ్గర చేత్తో అడ్డంగా కోసినట్టు చూపిస్తే "గాలి లేదు". నుదుటి మీద అరచేయి నిలువుగా పెడితే "సొరచేప". ఈ చివరిది ట్యాంకులో ఎవరూ వాడరు. అటు చూసినా ఇటు చూసినా అవే మరి.

అందరూ బోల్తా పడేది బొటనవేలు దగ్గర. పైకెత్తిన బొటనవేలికి నీళ్లలో అర్థం "సూపర్" అని కాదు, "పైకి పోదాం" అని. నా మొదటి డైవ్‌లో ఒక పెద్ద సొరచేప నా తల మీదుగా వెళ్లింది. ఆ సంబరంలో గైడ్‌కు రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించాను. ఆయన మరుక్షణం నా బీసీడీ పట్టుకుని పైకి తీసుకెళ్లిపోయాడు. దిగి ఏడు నిమిషాలే అయింది. తప్పు ఆయనది కాదు, నాది. ఇప్పుడు బ్రీఫింగ్ అయ్యాక పక్కవాళ్లతో అయిదు సైగలూ నిజంగా చేసి చూసుకుంటాను.

5. గేర్‌ను మీరూ చెక్ చేసుకోండి

వాళ్లు చూస్తారు. అయినా మీరూ చూడండి, రెండు నిమిషాల పని.

సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడితో ఉందో గేజ్ బార్లలో చూపిస్తుంది, దాని ముల్లు 200 బార్ దగ్గర ఉండాలి. ముల్లు వైపే చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగైదుసార్లు గట్టిగా ఊపిరి తీసుకోండి. ముల్లు కదలకుండా ఉంటే సరే. పీల్చినప్పుడల్లా పడి, మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని అర్థం. గాలికి నూనె వాసనో పొగ వాసనో వస్తే సిలిండర్ మార్చమనండి, మొహమాటం వద్దు. బీసీడీలో గాలి నింపే బటన్, వదిలే బటన్ రెండూ నొక్కి చూడండి. బరువుల బకిల్ ఏ చేత్తో విప్పాలో తడిమి తెలుసుకోండి. అత్యవసరానికి ఉండే ఇంకో రెగ్యులేటర్, సాధారణంగా పసుపురంగుది, ఎక్కడ వేలాడుతుందో చూసుకోండి.

బరువుల విషయంలో ఒక మాట. మామూలు డైవ్‌లో బరువు తక్కువే మంచిదంటారు. అడుగున కూర్చునే డైవ్‌లో మాత్రం కావాలనే కాస్త ఎక్కువ కడతారు, తేలిపోకుండా. మంచినీళ్ల పూల్‌లో సాధన చేసినవాళ్లకు ఉప్పునీళ్లలో ఎలాగూ ఎక్కువ కావాలి. గేర్‌తో కలిపి 100 కిలోలుంటే సుమారు రెండున్నర కిలోలు అదనంగా పట్టొచ్చు. "పూల్‌లో నాకు నాలుగు కిలోలే సరిపోయింది" అని వాదించొద్దు.

6. మాస్క్

మాస్క్‌ను పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లిగా పీల్చండి. చేయి తీసినా పడిపోకపోతే సైజు సరిపోయినట్టు. పట్టీ బిగిస్తే నీళ్లు రావనుకోవడం పొరపాటు. ఎక్కువ బిగిస్తే రబ్బరు అంచు వంకరపోయి ఇంకా ఎక్కువ కారుతుంది. ఒక్క వెంట్రుక అంచు కింద ఇరుక్కున్నా చాలు, నీళ్లు చేరతాయి. మీసం ఉన్నవాళ్లు ముక్కు కింద సన్నగా ఒక గీత మేర కత్తిరించుకుంటే బాగా తేడా కనిపిస్తుంది. మీసం మీద మమకారం వదులుకోలేనివాళ్లు నీళ్లు బయటికి తోయడం బాగా నేర్చుకోవాలి.

తోయడం ఇలా: గడ్డం కాస్త పైకెత్తి, మాస్క్ పై అంచును నుదుటికి నొక్కి పట్టి, ముక్కుతో ఊపిరి వదలాలి. గాలి పైన చేరి నీళ్లను కింది అంచు నుంచి బయటికి నెడుతుంది. పై అంచు బదులు కింది అంచు నొక్కేవాళ్లు, నీళ్లున్నప్పుడు ముక్కుతో పీల్చేవాళ్లు ఎక్కువ. రెండోది ప్రమాదం, పీల్చితే దగ్గు, దగ్గితే కంగారు.

7. దిగడం

తొందరపడితే మొదటికే మోసం. తాడో నిచ్చెనో ఉంటుంది, దాన్ని పట్టుకుని కాళ్లు కిందికి పెట్టి దిగండి. తల నీళ్లలో మునిగిన క్షణం నుంచే చెవులు సర్దుకోవడం మొదలుపెట్టాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. మొదటి అయిదు మీటర్లలో ప్రతి అర మీటరుకీ ఒకసారి. టప్ మనకపోతే ఆగండి, అర మీటరు పైకెళ్లండి, మళ్లీ ప్రయత్నించండి. నొప్పితోనే కిందికి పోతే తర్వాత ఎంత ఒత్తినా చెవి తెరుచుకోదు.

మిగతా వాళ్లంతా అడుగున చేరి మీకోసం చూస్తున్నారని బాధపడొద్దు. చూడనివ్వండి.

కిందికి పోయేకొద్దీ మాస్క్ ముఖాన్ని పీల్చినట్టు అనిపిస్తే ముక్కుతో చిన్నగా ఊదండి, వదులవుతుంది. ఇది మర్చిపోయినవాళ్లు కళ్లు ఎర్రగా చేసుకుని బయటికొస్తారు.

అడుగుకు చేరేముందు కింద చూసి దిగండి. స్టింగ్‌రేలు, అంటే తోకలో విషపు ముల్లుండే చదునైన చేపలు, ఇసుక కప్పుకుని పడుకుంటాయి, కళ్లు రెండే పైకి కనిపిస్తాయి. మోకాలు పెట్టబోయే చోట ఇసుకను ముందు ఫిన్‌తో మెల్లిగా కదిలిస్తే అది లేచి పోతుంది. నర్స్ షార్కులు కూడా రాయి పక్కన కదలకుండా పడి ఉంటాయి. అవి కదలకుండానే నీళ్లను నోటితో పంపు చేసుకుని ఊపిరి పీల్చగలవు. నిద్రపోతోందనో చచ్చిపోయిందనో తట్టి చూడకండి. ఎంత సాధువుగా కనిపించినా నర్స్ షార్క్ ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం.

8. అడుగున ఎలా కూర్చోవాలి

వీపు గోడకో రాతికో దగ్గరగా ఉండాలి. మోకాళ్లు కాస్త ఎడంగా, చేతులు కట్టుకుని లేదా బీసీడీ పట్టీలు పట్టుకుని. పక్కవాళ్లకు భుజం భుజం ఆనించి వరసగా. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుంటే చాలు.

చేతులు ఎందుకు కట్టుకోవాలో చెప్తాను. కొత్తగా దిగినవాళ్లు బ్యాలెన్స్ కోసం చేతులు ఆడిస్తారు. ట్యాంకుల్లో చేపలకు తిండి చాలావరకు చేత్తోనో పట్టకారుతోనో అందిస్తారు. లేత రంగు వేళ్లు నీళ్లలో కదిలితే తిండి ముక్కలా కనిపించడం సహజం. ఈ విషయంలో నన్నడిగితే సొరచేపల కన్నా తాబేలుతో, పెద్ద గ్రూపర్ చేపతో జాగ్రత్త. కెమెరా చూపించాలని వేలు చాచిన ఒకాయన వేలిని తాబేలు నోటితో పట్టి చూడటం నా కళ్లారా చూశాను. ఎముకకేం కాలేదు గానీ ఆ తర్వాత ఆయన చేతులు చంకల్లోంచి బయటికి రాలేదు.

తేలిపోతున్నట్టు అనిపిస్తే చేతులు ఆడించకండి. నిండుగా ఊపిరి వదలండి, కిందికి దిగుతారు. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కువ నిలవ ఉండటమే తేలడానికి ముఖ్య కారణం.

9. సొరచేప వచ్చినప్పుడు

ముందు ఒక లెక్క గుర్తుంచుకోండి. మాస్క్ అద్దం వెనక నుంచి చూస్తే నీళ్లలో ఏదైనా మూడో వంతు పెద్దదిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. రెండున్నర మీటర్ల చేప మూడు మీటర్లు దాటినట్టు, నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది మూడు మీటర్లలోనే ఉన్నట్టు ఉంటుంది. గుండె జారేది సగం ఈ మాయవల్లే.

అక్వేరియంలలో తరచుగా కనిపించే పెద్దది సాండ్ టైగర్. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని టూ ఓషన్స్ అక్వేరియంలో డైవర్లు చూసేది దీన్నే, అక్కడ దాన్ని రాగ్డ్ టూత్ అంటారు. సుమారు మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. నోరు మూసినా పళ్లు బయటికే కనిపిస్తాయి, వంచిన మేకుల్లా, ఒక్కో వరస ఒక్కో దిక్కుకి. చూడటానికి భయంకరం, నడక మాత్రం నిదానం. నీటి పైకెళ్లి గాలి మింగి కడుపులో దాచుకుంటుంది, అందుకే తోక పెద్దగా ఆడించకుండానే గాల్లో వేలాడుతున్నట్టు వస్తుంది. అది పక్కనుంచి పోతుంటే చిన్న లేతరంగు కన్ను మీ మీదుగా జరిగిపోతుంది. తర్వాత అయిదు మొప్ప చీలికలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుని మూసుకోవడం. ఆ తర్వాత తోక ఊపుకి నెట్టిన నీళ్లు మీ బుగ్గకి మెత్తగా తగులుతాయి. ఆ నీళ్ల తాకిడి కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

చేయాల్సినవి తక్కువ. దారి ఇవ్వండి. సొరచేప వెనక్కి ఈదలేదు, కొన్ని రకాలు ఈత ఆపనూ లేవు, ఆపితే మొప్పల్లో నీళ్లు ఆడవు. కాబట్టి దానికి ఎదురుగా అడ్డం ఉంటే తప్పుకోవాల్సింది మీరే. సందుల్లో, రెండు రాళ్ల మధ్య దారిలో కూర్చోకండి. అది మీ వైపే వస్తుంటే బుడగలు దాని ముఖం మీదికి ఊదకండి, చాలా వాటికి నచ్చదు. మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండండి, చివరి క్షణంలో అదే పక్కకు వంగి వెళ్తుంది. తాకొద్దు. తోక దగ్గర మెల్లిగా నిమిరినా చేప చటుక్కున తిరుగుతుంది.

ఎప్పుడు అప్రమత్తం కావాలి? పక్క రెక్కలు కిందికి వంచి, వీపు గూనిలా చేసి, కుదుపులతో ఈదుతుంటే, లేదా ఒకే వైపు మీ చుట్టూ వేగం పెంచుతూ తిరుగుతుంటే అది చిరాకులో ఉందని. సాండ్ టైగర్ అయితే తోకతో చటుక్కున కొట్టి పెద్ద శబ్దం చేస్తుంది. అలాంటప్పుడు లేచి ఈదకండి. కిందే ఉండి, వీపు గోడకు ఆనించి, చూపు దాని మీదే ఉంచి, గైడ్ ఏం చెప్తే అది చేయండి. ఆయన చేతిలో కర్ర ఉండేది అందుకే. కొట్టడానికి కాదు, మధ్యలో అడ్డం పెట్టడానికి.

10. పది నిమిషాలకోసారి గేజ్

సొరచేపల్ని చూస్తూ గాలి సంగతి మర్చిపోతారు. గైడ్ అడిగినప్పుడు అంకె వేళ్లతో చూపించాలి, "బాగుంది" అని సైగ చేస్తే సరిపోదు. 100 బార్ దగ్గర ఒకసారి తప్పక చెప్పండి. 50 బార్ దాకా వచ్చేసరికి నీటిపైన ఉండాలి.

మధ్యలో టెన్షన్ మొదలైతే, ఊపిరి చిన్న చిన్నగా ఎగబీల్చడం మొదలవుతుంది, గాలి చాలట్లేదనిపిస్తుంది. గాలి ఉంటుంది, మీరు వదలట్లేదంతే. కళ్లు ఇసుక మీద పెట్టి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మూడుసార్లు చేసినా తగ్గకపోతే బొటనవేలు పైకి. ఈసారి నిజంగానే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

11. పైకి రావడం

డైవ్ మొత్తంలో నిజమైన ప్రమాదం ఇక్కడే. 6 మీటర్ల లోతులో మీ ఊపిరితిత్తుల్లో 5 లీటర్ల గాలి ఉందనుకోండి. ఊపిరి బిగబట్టి పైకొస్తే అదే గాలి 8 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు ఓర్చుకోలేవు. మీటరు, మీటరున్నర లోతు నుంచి ఊపిరి బిగబట్టి పైకొచ్చినా దెబ్బ తగలొచ్చు. అందుకే "లోతు తక్కువేగా" అనే ధీమా పనికిరాదు. పైకి వస్తున్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. మీ చిన్న బుడగల కన్నా వేగంగా రావొద్దు. బీసీడీలో గాలి వదులుతూ రండి, నింపి పైకి తేలకండి. తల పైకెత్తి చూస్తూ రండి, నిచ్చెనకు తల కొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

నిచ్చెన ఎక్కేటప్పుడు బరువులూ ఫిన్సూ ముందు అందించేయండి. నీళ్లలో తెలియని బరువంతా అక్కడ ఒక్కసారిగా భుజాల మీద పడుతుంది.

12. బయటికొచ్చాక చూసుకోవాల్సినవి

చెవులు కొంచెం బరువుగా ఉండి ఒకట్రెండు గంటల్లో సర్దుకుంటే సమస్య లేదు. మర్నాటికీ మూసుకునే ఉన్నా, నొప్పి ఉన్నా, తల తిరిగినా, వినికిడి తగ్గినా డాక్టర్‌కు చూపించండి, ఇయర్‌బడ్ పెట్టి తిప్పకండి. మాస్క్‌లో కాస్త రక్తం మరక కనిపిస్తే చాలాసార్లు అది సైనస్‌లో చిన్న నాళం చిట్లడమే. గైడ్‌కు చెప్పండి, ఆ రోజుకు మళ్లీ దిగొద్దు. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, దగ్గులో రక్తం, ఒక వైపు తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయకుండా అక్కడే చెప్పాలి.

విమానం ఉంటే, ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగండి.

డైవ్ బాగా జరిగిందా లేదా అన్నది ఫొటోలు చెప్పవు, గాలి లెక్క చెప్తుంది. వాడిన బార్లను సిలిండర్ లీటర్లతో గుణించి, నిమిషాలతో భాగించి, ఆ లోతు ఒత్తిడితో మళ్లీ భాగించండి. 6 మీటర్లకు ఒత్తిడి 1.6 బార్. ఉదాహరణకు 12 లీటర్ల సిలిండర్, 25 నిమిషాలు, 80 బార్లు వాడారు. 80 ఇంటూ 12 అంటే 960, బై 25 చేస్తే 38.4, బై 1.6 చేస్తే నిమిషానికి 24 లీటర్లు. కొత్తవాళ్లకు 20 నుంచి 25 మామూలే. 30 దాటితే మీరు సొరచేపల్ని చూడలేదు, భయాన్ని చూసొచ్చారు. రెండోసారి దిగినప్పుడు ఈ అంకె తగ్గిందా చూడండి. నాకు మొదటి డైవ్‌కు 31 వచ్చింది, నాలుగో దానికి 17.

కెమెరా గురించి అడిగినవాళ్లకు: మొదటి డైవ్‌కు వద్దు. ఒప్పుకున్న చోట కూడా సెల్ఫీ కర్రలు, ఫ్లాష్ ఉండకూడదు, అందుకే ఛాతీకి కట్టుకునేది నయం. చాలా చోట్ల వాళ్లే తీసిస్తారు.

ఇంకో ప్రశ్న పిల్లల నుంచి ఎక్కువ వస్తుంది, సొరచేప పన్ను తెచ్చుకోవచ్చా అని. సొరచేపలకు పళ్లు రాలుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, ట్యాంకు అడుగున ఇసుకలో అవి పడి ఉంటాయి. కొన్ని చోట్ల దొరికితే ఉంచుకోనిస్తారు, కొన్ని చోట్ల ఇవ్వరు. ముందే అడగండి. ఇసుక పైన కనిపిస్తేనే తీసుకోండి. చేత్తో ఇసుక తవ్వి వెతకొద్దు, కింద స్టింగ్‌రే ఉందో లేదో మీకు తెలియదు.